ఆఫీసు గది వదిలేసి దూరం నుంచే ప్రాక్టీసు: సాఫ్ట్‌వేర్ కంటే ముందు తేల్చుకోవలసినవి

ప్రశ్న: సివిల్ దావాలు, కాంట్రాక్టులు, వీలునామాలు చూసే లాయర్ని. నా దగ్గర ఒక జూనియర్, ఒక గుమస్తా ఉన్నారు. క్లయింట్లలో చాలామంది ఆఫీసుకి రావడం మానేసి ఫోన్లోనే మాట్లాడుతున్నారు. గది ఖాళీ చేసి ముగ్గురం ఎవరింటి నుంచి వాళ్లం పని చేద్దామనుకుంటున్నాం. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి? క్లయింట్ల రహస్యాలు బయటికి పోకుండా ఏం చేయాలి? వీడియో విచారణలకు ఎలాంటి ఏర్పాటు కావాలి? గది ఎప్పుడు వదిలేయొచ్చు?

సమాధానం: సాఫ్ట్‌వేర్ సంగతి చివరికి ఉంచుదాం. ఆఫీసు గది ఎవరూ చెప్పకుండానే కొన్ని పనులు చేసిపెడుతుంటుంది. టపా వచ్చి ఒకే టేబుల్ మీద పడుతుంది. అసలు పత్రాలు ఒకే బీరువాలో ఉంటాయి. వాయిదాల డైరీ అందరి కళ్ల ముందూ ఉంటుంది. జూనియర్ ఫోన్లో ఎవరికైనా తప్పు తేదీ చెబుతుంటే పక్క కుర్చీలోంచి మీకు వినబడుతుంది. గది పోయిన రోజున ఈ పనులన్నిటికీ దిక్కు లేకుండా పోతుంది. ఒక్కో పనినీ ఒక మనిషికి పేరు పెట్టి అప్పగించి, అది జరిగే చోటు ఏదో తేల్చుకున్నాకే సాఫ్ట్‌వేర్ పనికొస్తుంది. అంతకు ముందే కొంటే కాగితాల గందరగోళం కాస్తా తెరమీదికి మారుతుంది, అంతే.

ముందు మీ బార్ (లాయర్ల వృత్తి సంఘం) నిబంధనలు దగ్గర పెట్టుకుని మూడు విషయాలు చూడండి. నోటీసులు అందుకోవడానికి మనిషి ఉండే చిరునామా తప్పనిసరా? లైసెన్సు ఉన్న పరిధికి బయట కూర్చుని పని చేయవచ్చా? వెబ్‌సైటు, సోషల్ మీడియా పేజీ ప్రకటన కిందికి వస్తాయా? రెండో ప్రశ్న మీద అమెరికన్ బార్ అసోసియేషన్ 2020 డిసెంబరులో లాయర్ల వృత్తి నీతి మీద 495వ అభిప్రాయం ఇచ్చింది. లాయరు వేరే రాష్ట్రంలో కూర్చున్నా తనకు లైసెన్సున్న చోటి చట్టం మీద పని చేసుకోవచ్చు, ఆ రాష్ట్రం నిషేధించనంత వరకు; అయితే అక్కడ ప్రాక్టీసు చేస్తున్నట్టు బోర్డు మాత్రం పెట్టుకోకూడదు అని దాని సారం. అది సలహా మాత్రమే, మీ చోట నిబంధన వేరుగా ఉండొచ్చు. కానీ అడగాల్సిన ప్రశ్న ఎక్కడైనా అదే.

ఇక టపా. ఇంటి చిరునామా ఇవ్వకండి. కేసు ఓడిపోయిన ఎదుటి పక్షం మీ గుమ్మం ముందు నిలబడే అవకాశం మీరే ఇచ్చినట్టవుతుంది. పోస్టు బాక్సు ఒక్కటే ఉంటే చాలదు, మనిషి చేతికిచ్చే నోటీసులు అక్కడ అందవు. సంతకం పెట్టి అందుకుని, అదే రోజు కబురు చేసే చిరునామా సేవ తీసుకోండి. టపా తెచ్చే బాధ్యత గుమస్తాది. తెచ్చిన రోజే స్కాన్ కావాలి, కవరుతో సహా, రెండు వైపులా. గడువు పోస్టు ముద్ర తేదీ నుంచో, అందిన తేదీ నుంచో లెక్కపెట్టాల్సి వచ్చినప్పుడు ఆ కవరే సాక్ష్యం. చాలామంది లోపలి కాగితం స్కాన్ చేసి కవరు చెత్తబుట్టలో వేస్తారు, తర్వాత తేదీ రుజువు చేసుకోలేక అవస్థ పడతారు.

స్కానింగుకి 300 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు) సరిపోతుంది. అంతకు మించితే ఫైలు బరువెక్కి కోర్టు పోర్టల్లో తిరగ్గొడుతుంది. తక్కువైతే రబ్బరు ముద్రలు, చేతిరాత చదవడానికి రావు. అక్షరాలు వెతకడానికి వీలుగా ఓసీఆర్ (స్కాన్ బొమ్మలోని అక్షరాల్ని టెక్స్టుగా మార్చడం) చేయించండి. ఫైలు పేరు తేదీతో మొదలు కావాలి, అదీ సంవత్సరం, నెల, రోజు వరుసలో: ‘2025-03-14 అఫిడవిట్ దాఖలు’ అన్నట్టు. అలా రాస్తే ఫోల్డరు తెరవగానే కేసు కాలక్రమంలో కనిపిస్తుంది. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఫైనల్ సరిచేసింది’ లాంటి పేర్లు ఈ రోజే మానేయండి. ముగ్గురు మూడు ఇళ్లలో ఉన్నప్పుడు తప్పు ప్రతి కోర్టుకి చేరేది ఇలాంటి పేర్ల వల్లే. పేరు చివర ‘చిత్తు’, ‘సంతకం’, ‘దాఖలు’ అనే మూడు మాటలే వాడండి, నాలుగోది వద్దు.

అసలు పత్రాలు తీసుకోకపోవడమే మేలు. చూసి, స్కాన్ చేసి, రసీదుతో వెనక్కిచ్చేయండి. దగ్గర ఉంచుకోక తప్పనివి బ్యాంకు లాకర్లో పెట్టి, ఎవరిచ్చారు, ఏ రోజు, ఎన్ని పేజీలు, ఎప్పుడు తిరిగి ఇచ్చాం అన్నది ఒక రిజిస్టరులో రాయండి. ఇంటి బీరువా దీనికి పనికిరాదు.

గడువుల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. దూరం నుంచి నడిచే ప్రాక్టీసుకి పెద్ద ప్రమాదం హ్యాకర్లు కాదు, తేదీలు. ‘నువ్వు రాశావనుకున్నా’ అనే మాట ఒకే గదిలో ఉన్నవాళ్ల మధ్య గంటలో బయటపడుతుంది; మూడు ఇళ్ల మధ్య అయితే గడువు దాటాక బయటపడుతుంది. అందుకని ముగ్గురికీ కలిపి ఒకే క్యాలెండరు పెట్టండి, సొంత డైరీలు దానికి నకళ్లు మాత్రమే. ప్రతి గడువునీ ఒకరు లెక్కవేయాలి. రెండోవారు ఆ జవాబు చూడకుండా, అసలు కాగితం తెరిచి, మళ్లీ మొదటినుంచి లెక్కవేయాలి. రెండూ కలిస్తేనే క్యాలెండర్లోకి ఎక్కాలి. తేదీ పక్కన ఏ నిబంధన ప్రకారం, ఏ రోజు నుంచి, సెలవులు కలిపా తీసేసా అన్నది ఒక వరుస రాయండి. నెల తర్వాత ఆ తేదీ ఎలా వచ్చిందో ఎవరికీ గుర్తుండదు.

జ్ఞాపికలు 30, 14, 7, 2 రోజుల ముందు మోగేలా పెట్టండి. ఆఖరిది మోగినప్పుడు ఆ పని ఎవరి పేరున అప్పగించామో ఆ మనిషి ‘అయింది’ అని రాసేదాకా ఆ పని మూసినట్టు కాదు. వారానికోసారి ముగ్గురూ కాల్లో కూర్చుని రాబోయే 60 రోజుల గడువులు పైకి చదవండి. అరగంట పనే. విసుగ్గా ఉంటుంది, మానేయాలనిపిస్తుంది. మానకండి. ఒక గడువుని వేరే కేసు కింద రాసిన పొరపాటు ఇలా చదివేటప్పుడే చెవిన పడుతుంది.

ఆన్‌లైన్ దాఖలుకి చివరి రోజు లెక్కలోకి తీసుకోవద్దు. పోర్టల్ నడిచేది తన సర్వరు గడియారంతో, మీ గోడ గడియారంతో కాదు. ఫైలు సైజు పరిమితి, పాస్‌వర్డు ఉన్న పీడీఎఫ్, బుక్‌మార్కులు లేకపోవడం, సంతకం లేని ఒక పేజీ, వీటిలో ఏదో ఒకటి పట్టుకుని స్క్రూటినీలో (కోర్టు సిబ్బంది పరిశీలనలో) వెనక్కి పంపుతారు. కనీసం 2 పనిదినాలు ముందు పంపితే సరిచేసి మళ్లీ పంపే వ్యవధి ఉంటుంది. అందినట్టు వచ్చిన రసీదుని పీడీఎఫ్‌గా అదే కేసు ఫోల్డర్లో పెట్టండి.

రహస్యాల సంగతి. మొదటి నియమం, పని కంప్యూటరు పనికే. పిల్లలు హోంవర్కు చేసే లాప్‌టాప్‌లో క్లయింటు ఫైలు తెరవకూడదు. డిస్కు మొత్తం ఎన్‌క్రిప్టు చేయండి, అంటే కీ లేనివాళ్లు చదవలేని రూపంలోకి మార్చండి. విండోస్ ప్రోలో బిట్‌లాకర్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ ఉంటాయి. రికవరీ కీని కాగితం మీద ముద్రించి లాకర్లో పెట్టండి. అదే లాప్‌టాప్‌లో దాచుకుంటే అది చెడిపోయిన రోజున డేటా మీకూ అందదు. పాస్‌వర్డులన్నీ ఒక పాస్‌వర్డ్ మేనేజర్‌లో ఉండాలి. రెండో అంచె ధ్రువీకరణకి ఎస్సెమ్మెస్ ఓటీపీ కంటే ఆథెంటికేటర్ యాప్ గానీ, హార్డ్‌వేర్ కీ (కంప్యూటరుకి తగిలించే చిన్న పరికరం) గానీ మంచిది. మోసగాళ్లు మీ పేరు చెప్పి నకిలీ సిమ్ తీసుకుంటే ఓటీపీలు వాళ్లకే పోతాయి.

ఇల్లన్నాక గోడకి చెవులుంటాయి. తలుపు మూసుకునే గది, హెడ్‌సెట్ ఉండాలి, స్పీకర్ ఫోను ఎప్పుడూ వద్దు. అమెరికన్ బార్ అసోసియేషన్ 2021 మార్చిలో ఇచ్చిన 498వ అభిప్రాయం మాట వినే స్మార్ట్ స్పీకర్ల గురించి ప్రత్యేకంగా చెప్పింది: పనికి అవసరమైతే తప్ప, క్లయింటు విషయాలు మాట్లాడేటప్పుడు వాటి వినికిడి ఆపేయాలి అని. మీటింగుల్లో తనంతట తాను చేరి నోట్సు రాసే ఏఐ సహాయకులకీ ఇది వర్తిస్తుంది. మీరు పెట్టకపోయినా అవతలివాళ్ల ఖాతా నుంచి అది చేరవచ్చు. కాల్ మొదట్లో హాజరు జాబితా చూసి, తెలియని పేరుంటే బయటికి పంపాకే మాట్లాడండి.

వాట్సాప్ వాడొద్దంటే క్లయింట్లు వినరు. కాబట్టి కళ్లెం వేయండి. క్లయింటు పంపిన ఆస్తి పత్రం ఫొటో మీ ఫోను గ్యాలరీలోకి దానంతటదే దిగి, పెళ్లి ఫొటోల మధ్య చేరి, అక్కణ్నుంచి కుటుంబమంతా చూసే క్లౌడ్ ఆల్బంలోకి ఎక్కుతుంది. సెట్టింగ్స్‌లో మీడియా గ్యాలరీలో కనబడకుండా ఆపండి. చాట్ బ్యాకప్‌కి ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఉందనుకోకండి, సెట్టింగ్స్‌లో చూసి ఆన్ చేయండి. వచ్చిన ప్రతి పత్రం, ప్రతి ముఖ్యమైన సూచన అదే రోజు కేసు ఫోల్డర్లోకి చేరాలి. రేపు ‘నేను రాజీకి ఒప్పుకోలేదు’ అని క్లయింటు అంటే మీకు ఆధారం ఆ సందేశమే. మాయమయ్యే మెసేజీలు పెట్టుకున్న చాట్‌లో సూచనలు తీసుకోకండి.

దాఖలు చేసే కాగితంలో రహస్య వివరాలు కనబడకుండా నలుపు కొట్టడం గురించి ఒక మాట. పీడీఎఫ్‌లో ఒక వరుస మీద నల్లటి పట్టీ గీస్తే కింద అక్షరాలు అలాగే ఉంటాయి. 2019 జనవరిలో అమెరికాలో దేశమంతా గమనిస్తున్న ఒక కేసులో డిఫెన్సు లాయర్లు దాఖలు చేసిన కాగితంలో ఇదే జరిగింది: పట్టీ కింది మాటల్ని విలేకరులు కాపీ చేసి వేరే చోట అతికించి చదివేశారు. రిడాక్షన్ అనే ప్రత్యేక సాధనంతోనే చెరపండి. తర్వాత ఆ భాగాన్ని కాపీ చేసి చూడండి. ఏమీ రాకపోతేనే పంపండి. వర్డ్ ఫైళ్లలో ట్రాక్ చేంజెస్ (చేసిన మార్పుల గుర్తులు), వ్యాఖ్యలు మిగిలి ఉన్నాయేమో కూడా చూసుకోవాలి.

ఏఐతో తీర్పులు వెతికేటప్పుడు రెండు హద్దులు. క్లయింటు వివరాలు ఉచిత చాట్‌బాట్‌లో పెట్టకండి. అది ఇచ్చిన ప్రతి తీర్పునీ అసలు రిపోర్టులో తెరిచి చదవకుండా వాడకండి. 2023 జూన్‌లో న్యూయార్క్‌లోని ఒక ఫెడరల్ కోర్టు, చాట్‌జీపీటీ పుట్టించిన, అసలు లేనే లేని తీర్పుల్ని ఉదహరించిన ఇద్దరు లాయర్లకీ వాళ్ల సంస్థకీ కలిపి 5,000 డాలర్ల జరిమానా వేసింది. జూనియర్ మీ ఎదురుగా లేనప్పుడు ఈ పొరపాటు మీ సంతకంతో వెళ్లడం ఇంకా తేలిక.

డబ్బు దగ్గర వచ్చే మోసం తరచుగా ఒకే పద్ధతిలో నడుస్తుంది. మీలో ఒకరి ఈమెయిల్‌లోకి ఎవరో దూరి, వెంటనే ఏమీ చేయరు. సెట్టింగ్స్‌లో, వచ్చే మెయిళ్ల నకలు తమకీ చేరేలా ఒక ఫార్వర్డింగ్ నియమం పెట్టి వారాల తరబడి చదువుతారు. ఆస్తి కొనుగోలు డబ్బు కదిలే రోజున, సరిగ్గా మీ శైలిలో, ‘బ్యాంకు ఖాతా మారింది, దీనికి పంపండి’ అని క్లయింటుకి రాస్తారు. డబ్బు పోయాక తిరిగి రాబట్టడం చాలా కష్టం. మూడు పనులు చేయండి. నెలకోసారి ముగ్గురి ఈమెయిల్ ఖాతాల్లో ఫార్వర్డింగ్, ఫిల్టర్ నియమాలు తెరిచి చూడండి. మీ డొమైనుకి (ఈమెయిల్ చిరునామాలో @ తర్వాతి పేరుకి) ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు రికార్డులు పెట్టించండి; మెయిల్ నిజంగా మీ దగ్గర్నుంచే వచ్చిందా అని అవతలి సర్వరు వీటితో సరిచూసుకుంటుంది. డీమార్క్‌ని మొదట గమనించే స్థాయిలో ఉంచి, నివేదికలు సరిగ్గా వస్తున్నాక తిరస్కరించే స్థాయికి పెంచాలి. అవి మీ పేరుతో బయటి నుంచి వచ్చే నకిలీ మెయిళ్లని ఆపుతాయి, లోపల దూరినవాణ్ని ఆపలేవు. అందుకే మూడోది ముఖ్యం. ‘మా ఖాతా నంబరు ఈమెయిల్లో ఎప్పుడూ మార్చం, మారిందని వస్తే మీకు ముందునుంచీ తెలిసిన ఫోను నంబరుకి చేసి అడగండి’ అన్న వాక్యం మొదటి ఒప్పందపత్రంలోనే రాయండి. మీకు వచ్చే ఖాతా మార్పు కబుర్లకీ అదే కొలత. ఆ మెయిల్లో ఉన్న నంబరుకి ఫోను చేయడం వృథా, ఎత్తేది మోసగాడే.

క్లయింట్ల సొమ్ము వేరే ఖాతాలో ఉంచడం మీకు తెలిసిందే. బ్యాంకు స్టేట్‌మెంటు, మీ నగదు పుస్తకం, ఒక్కో క్లయింటు లెడ్జరు మొత్తం, ఈ మూడూ నెలాఖరుకి పైసాతో సహా కలవాలి. చెల్లింపు ఎక్కించేది ఒకరు, ఆమోదించేది ఇంకొకరు కావాలి.

కొత్త క్లయింటు వచ్చినప్పుడు వరుస మారకూడదు. ముందు పేర్లు మాత్రమే తీసుకుని ప్రయోజనాల వైరుధ్యం (అవతలివాళ్లూ మీ క్లయింట్లే కావడం లాంటిది) ఉందేమో చూడాలి: అవతలి పక్షం, జీవిత భాగస్వామి, సంస్థ డైరెక్టర్లు, ఒక్కో పేరుకీ రెండు మూడు స్పెల్లింగులు. ఆ తర్వాతే కథ వినాలి. కథ విన్నాక వైరుధ్యం బయటపడితే రెండు పక్షాల్నీ వదులుకోవాల్సి రావచ్చు. గుర్తింపు పత్రాన్ని వీడియోలో ముఖం పక్కన పట్టుకోమని చూడండి. ఒప్పందపత్రంలో ఏ పని చేస్తాం, ఏది చేయం, ఫీజు ఎప్పుడు, ఏ మార్గంలో మాట్లాడతాం, ఎన్ని పనిగంటల్లో జవాబిస్తాం అన్నవి రాయండి. కేసు తీసుకోకపోతే ‘తీసుకోలేదు, మీ గడువు దగ్గరపడి ఉండొచ్చు, ఇంకో లాయర్ని వెంటనే కలవండి’ అని రాతపూర్వకంగా చెప్పండి. ఫోన్లో ఒక సలహా విన్న మనిషి మీరే తన లాయరని అనుకుంటూ ఉండిపోవచ్చు.

వీలునామాల్ని మాత్రం పూర్తిగా దూరం చేయకండి. తెర అవతల కెమెరాకి కనబడని చోట కొడుకో కూతురో కూర్చుని ఉంటే మీకు తెలియదు. వీడియోలో సూచనలు తీసుకున్నా, గదంతా తిప్పి చూపమనాలి, ఒంటరిగా ఉన్నట్టు నిర్ధారించుకోవాలి, ‘అవును, కాదు’ అని జవాబొచ్చే ప్రశ్నలు కాకుండా తన మాటల్లో చెప్పించాలి. సాక్షుల సమక్షం అంటే చాలాచోట్ల ఇప్పటికీ ఒకే గదిలో ఉండటమే. ఇంగ్లండ్, వేల్స్‌లో కరోనా కాలంలో వీడియో ద్వారా సాక్ష్యాన్ని అనుమతించిన చట్టం 2024 జనవరి 31తో ముగిసిపోయింది. ఎలక్ట్రానిక్ సంతకం కూడా ప్రతి పత్రానికీ చెల్లదు. చెల్లే చోట కూడా బొమ్మగా అతికించిన సంతకం ఒకటి, సర్టిఫికెట్‌తో కూడినది వేరొకటి. ఐరోపా సమాఖ్య 2014 నాటి ఈఐడీఏఎస్ నిబంధనల్లో సాధారణ, ఉన్నత, అర్హత పొందిన సంతకాలని మూడు అంచెలు చేసి, మూడోదానికే చేతి సంతకంతో సమాన బలం ఇచ్చింది. మీ చోట ఏ పత్రానికి ఏ అంచె కావాలో ముందే ఒక పట్టిక రాసుకోండి.

వీడియో విచారణకి ఖరీదైన కెమెరా అక్కర్లేదు, మంచి శబ్దం కావాలి. చిత్రం మసకబారితే జడ్జి సర్దుకుంటారు, మాట తెగితే వాదన తెగుతుంది. వైఫై వదిలి రౌటరుకి తీగ కలపండి. అప్‌లోడ్ 5 ఎంబీపీఎస్ నిలకడగా ఉంటే చాలు. రౌటరుకి యూపీఎస్, వేరే కంపెనీ సిమ్‌తో హాట్‌స్పాట్, విచారణ లింకు ముందే తెరిచి పెట్టిన ఫోను ఉండాలి. వెలుతురు ముందు నుంచి పడాలి, కెమెరా కంటి ఎత్తులో ఉండాలి. పత్రం చూపేటప్పుడు తెర మొత్తం కాకుండా ఆ ఒక్క కిటికీనే పంచండి, లేకపోతే ఇంకో క్లయింటు సందేశం కోర్టంతా చదువుతుంది. మీ క్లయింటుతో గుసగుసలకి విచారణ చాట్ వాడకండి. వేరే ఫోన్లో, వేరే యాప్‌లో మాట్లాడండి. సాక్షి ఉంటే ముందురోజు అదే గది, అదే పరికరంతో ఒకసారి ప్రయత్నించి చూడండి. గదిలో ఎవరూ ఉండకూడదని, ముందు కాగితాలు ఉండకూడదని చెప్పండి. పక్కకి చూసిన ప్రతి చూపూ క్రాస్ ఎగ్జామినేషన్‌లో ప్రశ్నవుతుంది.

జూనియర్‌తో రోజూ ఉదయం 15 నిమిషాల కాల్ పెట్టుకోండి: నిన్న ఏం పంపాం, ఈ రోజు ఏం పంపాలి, ఎక్కడ ఆగింది. పనిగంటలు నిఘా సాఫ్ట్‌వేర్‌తో కొలవడం మేం సమర్థించం, అది క్లయింటు తెరలని కూడా ఫొటో తీసి ఎక్కడో దాస్తుంది. గుమస్తాకి ఖాతాలు, టపా, క్యాలెండరు చాలు, ప్రతి కేసూ తెరవాల్సిన పని లేదు. ఎవరైనా మానేస్తే వాళ్ల లాగిన్‌లు అదే రోజు మూసేయండి.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్. మీ ముగ్గురికీ కావలసింది నాలుగు: సొంత డొమైనుతో ఈమెయిలు, కేసు వారీగా ఫోల్డర్లుండే క్లౌడ్ నిల్వ, పంచుకునే క్యాలెండరు, లెక్కల పుస్తకం. కేసు నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఈ నాలుగింటినీ కలుపుతుంది, కానీ కొనే ముందు అమ్మే కంపెనీని మూడు ప్రశ్నలు అడగండి. మా డేటా మొత్తం మామూలు ఫైళ్ల రూపంలో ఒకేసారి దించుకోవచ్చా? అది ఏ దేశంలో ఉంటుంది? మీ ఉద్యోగులు దాన్ని చదవగలరా? మొదటిదానికి సూటిగా జవాబు రాకపోతే తీసుకోకండి. సింక్ అవుతోంది కదా, బ్యాకప్ ఎందుకు అనుకోవద్దు. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే హానికర ప్రోగ్రాం) ఒక ఫైలుకి తాళం వేస్తే, ఆ తాళం వేసిన ఫైలే మిగతా ఇద్దరి దగ్గరికీ సింక్ అవుతుంది. 3 ప్రతులు, 2 రకాల మాధ్యమాలు, 1 వేరే చోట అన్నది పాత సూత్రం, ఇప్పటికీ సరైనదే. ఆ ఒకటి నెట్‌కి తగలని హార్డ్ డిస్కు అయితే ఇంకా మంచిది. మూణ్నెల్లకోసారి దాంట్లోంచి ఒక కేసు ఫోల్డరు పూర్తిగా వెనక్కి తెచ్చి తెరిచి చూడండి.

మీరు జబ్బు పడితే ఎవరు చూస్తారన్నదీ రాసి పెట్టాలి. మీతో ఒప్పుకున్న ఇంకో లాయరు పేరు, ఆయనకి పాస్‌వర్డ్ మేనేజర్‌లో అత్యవసర ప్రవేశం, దానికి క్లయింట్ల ఒప్పందపత్రంలో అనుమతి, మూడూ కావాలి. వృత్తి బీమా ఉంటే ఇంటి నుంచి చేసే పని, మోసపు మెయిల్‌తో పోయిన సొమ్ము అందులో కవర్ అవుతాయో లేదో కంపెనీ నుంచి రాతలో తీసుకోండి.

గది ఎప్పుడు వదలాలంటే, ముందు గదిని అలాగే ఉంచుకుని ముగ్గురూ ఇళ్ల నుంచి పని మొదలుపెట్టండి. ఒక ఆన్‌లైన్ దాఖలు స్క్రూటినీ దాటాలి, ఒక వీడియో విచారణ నడవాలి, ఒక నెలాఖరు లెక్క కలవాలి, బ్యాకప్ ఒకసారి వెనక్కి రావాలి. ఈ మధ్యలో ‘ఆఫీసుకి వెళ్లి చూడాలి’ అని ఎవరన్నా అన్న ప్రతిసారీ దేనికోసమో రాసుకోండి. ఆ జాబితాలో కొత్త వరుస పడటం ఆగిపోయాక నోటీసు ఇవ్వండి. ఖాళీ చేసే రోజుకి కోర్టు రికార్డుల్లో, బార్ దగ్గర, నడుస్తున్న ప్రతి కేసులో ఎదుటి లాయరు దగ్గర చిరునామా మార్పు నమోదై ఉండాలి. పాత చిరునామాకొచ్చే టపాని కనీసం ఒక ఏడాది కొత్తదానికి మళ్లించే ఏర్పాటు పోస్టాఫీసులో చేసుకోండి, ఎందుకంటే పాత కేసుల అప్పీలు నోటీసులు పాత చిరునామాకే వస్తాయి.